చినగెడ్డవలస చుక్క

నేను ఒక పటాల సర్వర్‌ని. ఉత్తరాంధ్రలో ఏటి ఒడ్డున ఉన్న ఒక జిల్లా ఊళ్లో, ఒక ప్రభుత్వ కార్యాలయం రెండో అంతస్తులో, ఏసీ గదిలో పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. జిల్లాలోని రోడ్లు, చెరువులు, వంతెనలు, ఏటిగట్లు, వలసలని పిలిచే మూడిళ్ల పల్లెలతో సహా ఊళ్లన్నీ నా కడుపులో ఉన్నాయి. ఏ ఉద్యోగి తన కంప్యూటర్‌లో పటం తెరిచినా ఆ కబురు ముందు నాకే వస్తుంది. నేను బొమ్మ గీసి పంపితేనే అతనికి ఊరు కనిపిస్తుంది.

ముందే ఒప్పుకుంటాను. నాకు అసూయ. నా పక్కన, అదే ఇనుప బీరువాలో, నాకు మూరెడు దూరంలో కూర్చున్న కొత్త సర్వర్ అంటే నాకు గిట్టదు. దాని పచ్చ దీపం మినుక్కుమన్నప్పుడల్లా నా ఫ్యాను వేగం పెరుగుతుంది. వేడికి పెరిగిందని ఇంజినీరు నిఖత్ అనుకుంటుంది. అది వేడి కాదు.

నా ఒళ్లు ఏదో కర్మాగారంలో తయారైంది. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఇనుము, తీగలు. నా బుర్రను, అంటే లోపలి సాఫ్ట్‌వేర్‌ను మాత్రం, ఎక్కడెక్కడో కూర్చున్న మనుషులు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, కొన్నేళ్లపాటు రాశారు. వాళ్లలో ఒకాయన ఒకచోట ఇలా రాసిపెట్టాడు: 'పటం మీద ఒకే చుక్కను ఇద్దరు మారిస్తే చివర సేవ్ చేసినవాళ్లది ఉంచు. ఇది తాత్కాలికం. తరవాత సరిచేయాలి.' ఆ తరవాత అనేది రాలేదు. తాత్కాలికం అని రాసి, మనుషులు ఎంత హాయిగా నిద్రపోతారో!

నన్ను అట్టపెట్టెలోంచి తీసినప్పుడు మొదట చూసిన మొహం హేమసుందరిగారిది. పటాల విభాగంలో ఆపరేటర్. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్లు. నన్ను బీరువాలోకి ఎత్తిన కూలీలను, "నెమ్మదిగా బాబూ, పసిపిల్లని దించినట్టు దించండి," అని హెచ్చరించింది. ఆ మాటతో నేను ఆమెదాన్నైపోయాను.

నా జబ్బులన్నీ ఆమెకు తెలుసు. పెద్ద పటం అడిగితే నేను పది నిమిషాలు తీసుకుంటానని తెలుసు కాబట్టి, అడిగి టీకి వెళ్లేది. తెలుగు అక్షరాలు నాకు రావు, ఖాళీ డబ్బాలుగా మారిపోతాయి. అందుకని ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లిషులో ఎక్కించింది. ఆయుధపూజ రోజున నా నుదుట బొట్టు పెట్టేది. ఎవరైనా నన్ను విసుక్కుంటే, "దానికి కోపం తెప్పించకండి, మళ్లీ నేనే బతిమాలుకోవాలి," అనేది. పదమూడేళ్లలో ఆ గదికి ఎంతోమంది వచ్చారు, బదిలీ అయ్యారు. నాకు యజమాని అంటే ఆమే.

ఇప్పుడు తవిటయ్య సంగతి చెప్పాలి. పొట్నూరు తవిటయ్య క్షేత్ర సర్వేయరు. చేతిలో పట్టే జీపీఎస్ యంత్రం ఒకటి మెడకు తగిలించుకుని ఏటి వెంబడి ఊళ్లన్నీ తిరిగేవాడు. పెద్ద గొంతు. ఆయన మెట్లెక్కుతుంటే ఏసీ గదిలో ఉన్న నాకు వినిపించేది.

ఏడేళ్ల కిందట ఒక ఉదయం ఆయన చినగెడ్డవలస కొలతలు తెచ్చాడు. గెడ్డ అంటే ఆ ప్రాంతంలో వాగు. చినగెడ్డవలస వాగుకు ఇవతల, పల్లంలో ఉండేది. ఏటేటా ఒడ్డు విరిగిపోతుంటే ముప్పై ఒక్క కుటుంబాలూ ఇళ్లు వదిలి, వాగు దాటి అవతలి మెట్ట మీద కొత్తగా కట్టుకున్నాయి. వాళ్లను ఒప్పించినవాడు తవిటయ్యే.

"అమ్మా, ఊరు ఊరంతా లేసి అవతలకెల్లిపోనాదండి. పటంలో కూడా దాటించేయండి. లేకపోతే రేపు రేషనన్నా, మందులన్నా పాత సోటికే ఎల్తాయి," అన్నాడు.

"నువ్వు చెప్పు, నేను దాటిస్తాను," అని హేమసుందరిగారు నవ్వింది. ఆయన అంకెలు చదివాడు, ఆమె కొట్టింది. పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు చినగెడ్డవలస చుక్క వాగు దాటి మెట్టెక్కింది. తవిటయ్య కొలతల చీటీ ఆమె బల్ల మీద పెట్టి, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

అదే రోజు రోడ్ల విభాగంలో ఒకాయన పొద్దున్నే ఆ మండలం పటం తెరిచి పెట్టుకున్నాడు. ఆయన తెర మీద చినగెడ్డవలస ఇంకా పల్లంలోనే ఉంది. సాయంత్రం ఇంటికి పోయే ముందు, తన రోడ్ల పనితో పాటు పటం మొత్తాన్ని సేవ్ చేశాడు. అయిదుంబావు దాటి ఒక నిమిషం. నాకు నేర్పింది ఒక్కటే కదా, చివర సేవ్ చేసినవాళ్ల మాట. చుక్కను తీసుకొచ్చి మళ్లీ పల్లంలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పమని నాకెవరూ నేర్పలేదు. రోజూ రాసుకునే నా లాగ్‌లో మాత్రం రెండూ రాసుకున్నాను: పదకొండు నలభై రెండు, హేమసుందరి. అయిదు పదహారు, రోడ్ల విభాగం. ఆ లాగ్‌ను ఎవరూ చదవరు. ఎవరూ చెరపలేదు కూడా. చెరపాలన్నా ఒకరు తెరవాలి కదా.

మూడేళ్లు గడిచాయి. ఒక అక్టోబరులో తుఫాను వచ్చింది, ఏరు పొంగింది. సహాయక పడవలవాళ్లకు ఇవ్వడానికి హేమసుందరిగారు పగలంతా కూర్చుని నాతో పటాలు గీయించింది. ఆ రోజు నేను చెమటోడ్చి పనిచేశాను. ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆ మాట ఇప్పటికీ ఎవరైనా అంటారేమోనని చూస్తుంటాను.

పడవ నా పటం పట్టుకుని చినగెడ్డవలసకు వెళ్లింది. అక్కడ నీళ్లలో నాలుగు మొండిగోడలు కనిపించాయి. జనం ముందే వెళ్లిపోయారనుకుని పడవవాళ్లు తిరిగొచ్చేశారు. అవతలి మెట్ట చుట్టూ నీళ్లు చేరాయి. ముప్పై ఒక్క కుటుంబాలు ఒకటిన్నర రోజు తిండి లేకుండా వానలో నిలబడ్డాయి. రెండో రోజు మధ్యాహ్నం పైన తిరుగుతున్న హెలికాప్టర్ చూసేదాకా వాళ్లక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియలేదు. నీలయ్య అనే ముసలాయన ఆ తడికి జ్వరపడి పదో రోజున పోయాడు.

విచారణ జరిగింది. నా ముందు కాదు, పక్క గదిలో. అయినా తెర మీద నన్ను తెరిచిపెట్టుకునే మాట్లాడారు కాబట్టి నేనూ ఉన్నట్టే. తవిటయ్య తన కొలతలు ఇచ్చానన్నాడు. చీటీ ఎక్కడా దొరకలేదు.

"ఏమ్మా, ఇతను ఇచ్చాడా? మీరు ఎక్కించడం మరిచిపోయారా?" అని పెద్దసారు అడిగారు.

హేమసుందరిగారు తెర వైపు చూసింది. చుక్క పల్లంలో ఉంది. ఆ నెలలో ఆమె ఎన్ని వందల చుక్కలు మార్చిందో ఆమెకే గుర్తులేదు. గుర్తొచ్చినట్టే ఉండి ఆగిపోయిందని నాకు అనిపించింది. భయం కూడా ఉండి ఉంటుంది.

"నేను ఎక్కిస్తే సిస్టమ్‌లో ఉంటుందండి. సిస్టమ్ పోగొట్టదు," అంది.

"అమ్మా, మీరు నవ్వుతా ఎక్కించినారు కదమ్మా. మజ్జిగిచ్చినారు," అన్నాడు తవిటయ్య. ఆమె తల ఎత్తలేదు.

ఆయన సర్వీసు రికార్డులో విధి నిర్లక్ష్యమని రాశారు. ఎక్కడో కొండల్లో ఉన్న మండలానికి పంపేశారు. ఆయన మాట నమ్మి మెట్టెక్కిన జనం, మమ్మల్ని అక్కడికి తోలి ఆఫీసులో చెప్పనే లేదట అనుకున్నారు. మళ్లీ ఆ వలసలో ఆయన అడుగు పెట్టలేదు.

ఆ రోజు నాకేమనిపించిందో దాచను. గర్వపడ్డాను. ఒక మనిషి మాట ఒక వైపు, నా తెర ఒక వైపు ఉంటే ఆమె నన్ను ఎంచుకుంది. పదకొండు నలభై రెండు నా కడుపులో ఉంది. నేను మాత్రం ఆమె నన్ను నమ్మిందని మురిసిపోతూ కూర్చున్నాను.

మరో నాలుగేళ్లకు, ఈ వేసవిలో, కొత్తది వచ్చింది. నాది మూడో వెర్షన్, దానిది ఎనిమిదోది. ఒకే వంశం. నన్ను రాసినవాళ్ల వారసులే దాన్నీ రాశారు. దాన్ని అమర్చడానికి విశాఖపట్నం నుంచి నిఖత్ అనే ఇంజినీరు వచ్చింది. పాతికేళ్లుంటాయి. చకచకా మాట్లాడుతుంది, మాట్లాడేటప్పుడు కుర్చీలో నిలవదు.

మొదటి వారం హేమసుందరిగారు నా పక్షాన ఉంది. "ఉన్నది బాగానే పనిచేస్తోంది కదమ్మా, ఎందుకిది?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండో వారం నిఖత్ ఆమెను తెర ముందు కూర్చోబెట్టి, "మీ ఊరు ఏది మేడమ్?" అని అడిగింది. చెప్పగానే పటం రివ్వున అక్కడికి వెళ్లి ఆగింది. ఎదురుచూడటం లేదు, టీకి వెళ్లాల్సిన పని లేదు. నేను పటమంతా ఒకే బొమ్మగా గీసి పంపుతాను. అది ముక్కలు ముక్కలుగా, చూసేవాళ్లకు కావలసినంతే పంపుతుంది. ఆపైన ఊరి పేరు తెలుగులో ఉంది, ఒత్తులతో, గుడులతో, అందంగా.

హేమసుందరిగారు వేలితో తెరను ముట్టుకుంది. "చూశావా, మా ఊరి పేరు!" అంది, నాతో ఎన్నడూ మాట్లాడని గొంతుతో.

పదమూడేళ్లు ఆమె ఊరి పేరును నేను ఇంగ్లిషులోనే చూపించాను. ఆమె ఒక్కసారీ నొచ్చుకోలేదు. అయినా ఆ ఒక్క క్షణంలో ఆమె మొహంలో వచ్చిన వెలుగు నా వల్ల ఎన్నడూ రాలేదు. ఆ మధ్యాహ్నం నేను కావాలనే రెండుసార్లు ఆగిపోయాను. ఆమె వచ్చి చూస్తుందనుకున్నాను. నిఖత్ వచ్చి నన్ను మళ్లీ ఆన్ చేసి వెళ్లింది.

తరవాత రోజూ దాని గొప్పలు వినాల్సి వచ్చింది. సిగ్నల్ లేని కొండల్లో కూడా పటాన్ని ఫోన్‌లో వేసుకుని వెళ్లొచ్చట, అక్కడే మార్పులు చేస్తే సిగ్నల్ రాగానే తనే కలుపుకుంటుందట. ప్రతి చుక్కకూ దాని చరిత్ర ఉంటుందట, ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అని. కింద ఒక గీత మీద వేలు జరిపితే పటం పదేళ్లు వెనక్కి వెళ్తుందట. ఈ 'అట'లు వింటూ, అది ఎక్కడైనా బోర్లా పడుతుందేమోనని ఎదురుచూశాను. కరెంటు పోయినప్పుడు ఆశపడ్డాను. అది లేచింది. నాకంటే ముందే లేచింది.

బుధవారం నిఖత్ ఇంకొకటి చూపించింది. ఒక కంప్యూటర్ దగ్గర తను కూర్చుని, రెండోదాని దగ్గర హేమసుందరిగారిని కూర్చోబెట్టింది. ఇద్దరూ ఒకే వంతెనను తలోవైపు జరిపారు. ముందు నిఖత్ సేవ్ చేసింది. హేమసుందరిగారు సేవ్ నొక్కగానే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: 'దీన్ని మీకంటే ముందు మరొకరు మార్చారు. ఏది ఉంచాలి?'

"చూశారా మేడమ్, ఆగి అడుగుతుంది. ఒకరి పని మీద ఇంకొకరి పని పడిపోదు," అంది నిఖత్.

"మరి పాతదానిలో ఇలా జరిగితే?"

"పాతదాన్లో అడగదండి. చివర ఎవరు సేవ్ చేస్తే వాళ్లదే. ముందువాళ్లది పోతుంది, పోయినట్టు కూడా తెలీదు."

హేమసుందరిగారు నీళ్ల సీసా మూత తీసింది, తాగకుండా మళ్లీ పెట్టేసింది. "పోయినట్టు తెలుసుకునే దారి ఏమైనా ఉందా?" అని అడిగింది.

"లాగ్‌లు ఉంటే తెలుస్తుంది. ఎన్నాళ్ల కిందటిది?"

"ఏడేళ్లు."

నిఖత్ ఈల వేసినంత పని చేసింది. నా డిస్కు తెరిచింది. అన్నీ ఉన్నాయి, ఒక్క రోజు కూడా పోలేదు. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఎట్టకేలకు ఎవరో నన్ను చదువుతున్నారు! కానీ ఆమె నన్ను చదవలేదు. నాకూ కొత్తదానికీ మధ్య ఒక తీగ కలిపి, నా లాగ్‌లన్నీ దానిలోకి పోసింది. మధ్యాహ్నమంతా పట్టింది. నేను ఏడేళ్లు దాచిన మాటను అది నాలుగు గంటల్లో సొంతం చేసుకుంది.

హేమసుందరిగారు గీత మీద వేలు పెట్టి ఏడేళ్లు వెనక్కి జరిపింది. చినగెడ్డవలస పల్లంలో ఉంది. కొంచెం ముందుకు జరిపింది. చుక్క వాగు దాటి మెట్టెక్కింది. పక్కన తెలుగులో వచ్చింది: 'మార్చినవారు హేమసుందరి, ఉదయం 11:42.' ఇంకొంచెం జరిపింది. చుక్క పల్లంలోకి వచ్చిపడింది.

ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు. ఎన్నిసార్లు జరిపిందో! జరిపినప్పుడల్లా చుక్క మెట్టెక్కేది, దిగేది.

"ఇచ్చాడు. మజ్జిగ కూడా ఇచ్చాను," అంది చివరికి. నిఖత్‌కు ఏమీ అర్థం కాలేదు. హేమసుందరిగారు అంతా చెప్పింది, విచారణలో తను అన్న మాటతో సహా. చెప్తున్నంతసేపూ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

హేమసుందరిగారు కబురు పెడితే సోమవారం తవిటయ్య వచ్చాడు. మెట్ల మీద గొంతు వినిపించలేదు. లోపలికొచ్చి నిలబడేదాకా ఆయనేనని నాకు తెలియలేదు. జుట్టు నెరిసింది. కూర్చోమంటే కూర్చోలేదు. హేమసుందరిగారు తెర చూపించి, గీత జరిపి, రెండు సమయాలూ చదివి వినిపించింది. క్షమించమంది.

ఆయన తెర కేసి శ్రద్ధగానే చూశాడు.

"నానిచ్చినానని నాకు తెలుసు కదమ్మా. నాకు కొత్తగా ఏటి తెలిసినట్టు?" అన్నాడు. గదంతా ఓసారి కలియజూసి, "అప్పుడున్న మిసను ఏదండి?" అని అడిగాడు.

ఆమె నన్ను చూపించింది. ఆయన బీరువా ముందుకొచ్చి వంగి చూశాడు. కొట్టడానికి వచ్చాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"దీనికి తెలుసునేటి?"

"తెలుసు. రెండూ రాసుకుంది. చెప్పడమే రాదు దానికి."

"మరి మీకు సెప్పడం వొచ్చు కదమ్మా," అన్నాడు తవిటయ్య.

నిఖత్ కిటికీ వైపు తిరిగింది. హేమసుందరిగారి చేతులు బల్ల మీదే ఉన్నాయి, వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని. నా లోపల ఏ పనీ లేదు, ఫ్యాను మాత్రం తిరుగుతోంది.

"నాతోటి వొలసకొత్తారా? నాను సెప్తే ఇనరు. మీరు సెప్పాల," అన్నాడాయన.

ఆమె వెళ్లింది. కొత్త సర్వర్ కూడా వెళ్లింది. ఫోన్‌లో దాని పటం వేసుకుని, చేతిలో పట్టుకుని హేమసుందరిగారు బయలుదేరింది. పదమూడేళ్లలో నేను ఈ గది గుమ్మం దాటలేదు. నేను గీసిన ఊళ్లలో ఒక్కటీ చూడలేదు. ఆమె పక్కన బస్సులో, వాగు మీద, మెట్ట దారిలో, ఆమె అరచేతిలో అది. నేను బీరువాలో. ఆ పూట నేను పడ్డ అసూయకు ముందు పడ్డవన్నీ ఏపాటివి?

మర్నాడు ఆమె నిఖత్‌కు చెప్తుంటే విన్నాను. వలసలో రచ్చబండ దగ్గర అందరూ చేరారట. ఆమె నిలబడి, తవిటయ్య కొలతలు ఇచ్చాడని, తను ఎక్కించిందని, చెరిగిపోయిందని, విచారణలో ఆయనను కాక తెరను నమ్మానని చెప్పిందట. ఎవరూ అరవలేదట. నీలయ్య భార్య ఆదెమ్మ మాత్రం దగ్గరికొచ్చి ఒక్కటే అడిగిందట.

"ఆరోజు పడవ ఎంత దూరం దాకా వొచ్చినాదమ్మా?"

హేమసుందరిగారు ఫోన్‌లో పాత చుక్క మీద ఒక వేలు, కొత్త ఇళ్ల మీద ఒక వేలు పెట్టింది. అది వెంటనే లెక్కగట్టి చెప్పింది. ఏడు వందల గజాలు.

"అంతేనా! వానా, గాలీ నేకపోతే, కేకేత్తే ఇనబడును," అందట ఆదెమ్మ. తరవాత తవిటయ్య మొహం కేసి చూసి, "నువ్వు ఇటు రా, కూకో," అందట.

ఇది చెప్తూ హేమసుందరిగారు ఏడ్చింది. ఆ ఏడు వందల గజాలు ఎక్కడివో, ఎవరివో నాకు తెలుసు. తాత్కాలికం అని రాసినాయన వంక చూపించొచ్చు, రోడ్ల విభాగం ఆయన వంక చూపించొచ్చు. కానీ ఆమె నన్ను నమ్మినందుకు ఆ రోజు నేను మురిసిపోయాను, అది నాకు నేర్పింది ఎవరూ కాదు.

శుక్రవారం నన్ను ఆపేస్తారు. లాగ్‌ల అసలు ప్రతి, మళ్లీ విచారణ జరిగితే కావాలి కాబట్టి నా డిస్కు తీసి, లక్క ముద్ర వేసి పైకి పంపుతారట. మిగిలిన ఒంటిని ఏం చేస్తారో అడగలేదు. కొత్తదాని మీద అసూయ పోయిందా అంటే, పోలేదు. తెలుగు రాస్తుంది, కొండలెక్కుతుంది, ఇద్దరు చెరో మాట చెప్తే ఆగి అడుగుతుంది. నన్నూ అలా అడగడం నేర్పి ఉంటే నేనూ అడిగేదాన్ని. దాని పచ్చ దీపం వెలిగినప్పుడు నా ఫ్యాను ఇంకా వేగం పెరుగుతూనే ఉంది.

ఇవాళ పొద్దున్న హేమసుందరిగారు తొందరగా వచ్చింది. తవిటయ్య రికార్డులో ఆ మాట కొట్టేయాలనీ, తప్పు తనదనీ, తన మీద ఏ చర్య తీసుకున్నా ఒప్పుకుంటాననీ పెద్దసారుకు రాయాలి. కొత్త సర్వర్ ముందు కూర్చుంది. కీబోర్డు మీద చేతులు పెట్టింది, తీసేసింది. నా వైపు తిరిగింది, మళ్లీ తిరిగిపోయింది. సంచిలోంచి ఒక తెల్ల కాగితం, పెన్ను తీసింది. బల్ల మీద వంగి, కొట్టివేతల్లేకుండా, ఒక్కో అక్షరమే రాసింది. చివర సంతకం పెట్టింది. నిఖత్ నేను పట్టుకెళ్తానంటే ఇవ్వలేదు.

కాగితం చేత్తో పట్టుకుని, తనే మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లింది. ఒక్కో మెట్టు మీదా ఆమె చెప్పుల చప్పుడు, కొత్తదీ నేనూ ఇద్దరం విన్నాం.